సలేశ్వరం పోతున్నారా? ఓపికంతా తిరుగు దారికి దాచుకోండి

ఏ గుట్ట మీది దేవుడి దగ్గరికైనా ముందు ఎక్కుతాం, దర్శనం అయ్యాక దిగుతాం. సలేశ్వరం లింగమయ్య దగ్గర లెక్క తిరగబడుతుంది. ఆయన ఉండేది నల్లమలలో రెండు కొండల నడుమ లోయ అడుగున, జలపాతం పక్క గుహలో. కాబట్టి ముందు దిగుతాం, కాళ్లు తేలిగ్గా సాగిపోతాయి, "ఇంతేనా" అనిపిస్తుంది. అసలు పని తిరిగొచ్చేటప్పుడు, ఎండ నెత్తికెక్కాక మొదలవుతుంది. మొదటిసారి పోయేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే, అందుకే ఇదంతా రాస్తున్నా.

జాతర చైత్ర పౌర్ణమికి జరుగుతుంది, అంటే ఎక్కువగా ఏప్రిల్‌లో. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపలి చోటు, మామూలు రోజుల్లో పోనివ్వరు. పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులే దారి తెరుస్తారు, ఎన్ని రోజులు, ఏ గంట దాకా లోపలికి వదులుతారు అన్నది ఏటా అటవీ శాఖ చెబుతుంది, అది చూసుకున్నాకే బయల్దేరండి.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డులో కల్వకుర్తి వైపుగా వచ్చి, డిండి, మన్ననూరు దాటితే ఫర్హాబాద్ గేటు వస్తుంది. అక్కడ రోడ్డు దిగి అడవిలోకి తిరగాలి, ఇంకో 30 కిలోమీటర్ల దాకా మట్టి దారి. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది, నా మాట వింటే అచ్చంపేట దాకా వచ్చి బస్సే ఎక్కండి. సొంత కారులో పోతే దుమ్ములో, క్యూలో గంటలు పోతాయి, డ్రైవింగ్ చేసినవాళ్లకు నడిచే ఓపిక మిగలదు. ఇంకోటి, మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ముందు రోజు రాత్రికే మన్ననూరులోనో అచ్చంపేటలోనో పడుకుని, తెల్లారగానే గేటు దగ్గర ఉండేలా చూసుకోవాలి.

పొద్దున్నే ఎందుకంటే, నేను మొదటిసారి మా అమ్మను తీసుకుని పోయినప్పుడు నడక మొదలుపెట్టేసరికే పదకొండయింది. దిగడం బాగానే దిగింది. ఎక్కేటప్పుడు సగం దారిలో ఒక బండ మీద కూర్చుని, మాట్లాడమన్నా మాట్లాడలేదు, చెమట కూడా ఆగిపోయింది, నా దగ్గరున్న సీసాలో నీళ్లు గుక్కెడే. వెనక వస్తున్న ఒక పెద్దాయన తన కండువా తడిపి అమ్మ నెత్తిన వేసి, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు కొంచెం కొంచెంగా తాపించాడు. ఆ అరగంట నాకు పట్టిన టెన్షన్ ఇప్పటికీ మరువలేను.

అందుకని, మనిషికి రెండు లీటర్ల నీళ్లకు తక్కువ వద్దు, అందులో సగం ఎక్కే దారికే. దారిలో సేవ చేసేవాళ్లు నీళ్లు, అన్నం పెడతారు, నిజమే, కానీ ఆ రద్దీలో మీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. స్టీలు సీసా తీసుకోండి, ప్లాస్టిక్ అడవిలోకి వద్దు. నాలుగు నిమ్మకాయలు, ఉప్పు, చక్కెర పొట్లాలు కట్టుకోండి. తిండికి జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం, కొన్ని పల్లీలు చాలు, ఎండకు పాడయ్యేవి మోయొద్దు. కాళ్లకు పట్టున్న బూట్లు గానీ వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ వేసుకోవాలి, హవాయి చెప్పులు వద్దే వద్దు. చేతిలో ఒక కర్ర ఉంటే మోకాలికి కొంత భారం తగ్గుతుంది.

బండ్లు ఆగిన చోటి నుంచి నాలుగైదు కిలోమీటర్ల నడక. రాళ్లు, వేర్లు, ఎండుటాకులు. కింద లోయలో దారి కొండను ఆనుకుని సన్నబడుతుంది, ఒక పక్క బండ, ఇంకో పక్క లోతు, పోయేవాళ్లు వచ్చేవాళ్లు అందులోనే. ఇక్కడ తోసుకోవద్దు, సెల్ఫీల కోసం ఆగొద్దు, పిల్లలు కొండ వైపు ఉండేలా చెయ్యి పట్టుకోండి. ఫోన్లకు సిగ్నల్ ఉండదు, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో బస్సు దిగిన చోటే అనుకోండి. గుండె జబ్బు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను దయచేసి తీసుకురావద్దు, ఈ రద్దీలో ఊపిరాడక ప్రాణాలు పోయిన ఏళ్లు ఉన్నాయి.

దిగేటప్పుడు అందరూ "వత్తన్నం వత్తన్నం లింగమయ్యో" అంటూ పోతారు. మీరూ గొంతు కలపండి, నడక తెలియదు. లోయలోకి రాగానే గాలి చల్లబడుతుంది, ఆ తర్వాత కొండ పైనుంచి గుండంలోకి పడే నీళ్లు కనిపిస్తాయి. నడి ఎండాకాలంలో ఆ నీళ్లు భుజాల మీద చిల్లర విసిరినట్టు పడతాయి, ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. స్నానం చేసి, తడిబట్టతోనే గుహలోకి పోయి లింగమయ్యను చూడాలి. పూజ చేసేది చెంచులే. ఆయన వాళ్ల దేవుడు, ఈ అడవి వాళ్ల ఇల్లు. దారిలో వాళ్ల పెంటలు, అంటే చిన్న గూడేలు, కనిపిస్తే ఊరికే ఇళ్లలోకి తొంగిచూడటం, అడగకుండా ఫొటోలు తీయడం చేయొద్దు. బీడీ, అగ్గిపెట్టె జేబులో ఉంటే పైనే వదిలేయండి, ఆ ఎండుటాకులకు ఒక్క నిప్పురవ్వ చాలు.

స్నానం అయ్యాక అరగంట నీడన కూర్చుని, రొట్టె తిని, తువ్వాలను గుండంలో ముంచి నెత్తిన వేసుకుని లేవండి. ఎక్కేటప్పుడు ప్రతి వంద అడుగులకు ఆగినా తప్పులేదు. గుక్కెడు తాగడం, పది అడుగులు వేయడం, వెనకవాళ్లకు దారివ్వడం. "పోతున్నం పోతున్నం లింగమయ్యో" అన్న పిలుపు కింద నుంచి వినిపిస్తూనే ఉంటుంది. అది సన్నబడేసరికి బస్సులు కనిపిస్తాయి.