తాబేలు పిల్లను పెంచడం - 3వ పాఠం: కిటికీలోంచి పడేది ఎండ కాదు

షాపుల్లో అమ్మే ఎర్రచెవి తాబేలు పిల్లకు "రోజూ కాస్త ఎండ చూపించండి" అని పోయిన పాఠంలో ఒక్క ముక్క రాసి వదిలేశాను. తప్పు నాదే. ఎన్ని గంటలకు, ఎంతసేపు, దేంట్లో పెట్టి అని చెప్పలేదు. తిరుచానూరు అక్క ఒకామె గాజుతొట్టెను ఉన్నపళంగా మిద్దెక్కించి వంటపనిలో పడిపోయింది. పదకొండింటికి వాళ్లత్త ఆరేసిన బట్టలు తీయడానికి పైకి పోయింది కాబట్టి పిల్ల బతికింది. చిత్తూరు తమ్ముడిది ఇంకో కథ. "కిటికీ పక్కనే పెట్టినా అన్నా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ పడతానే ఉంది, అయినా డిప్ప మెత్తగానే ఉంది" అంటాడు.

ఈరోజు మేత గురించి చెప్పాల్సింది, వచ్చేసారికి పోయింది. నీళ్లు మార్చడం అందరికీ వచ్చు, అది వదిలేస్తున్నా.

ముందు ఆ కిటికీ సంగతి, దీన్ని తలచుకుంటేనే నాకు చిరాకు. ఎండలో వెలుతురు, వేడితోపాటు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. వాటిలో యూవీబీ అనే రకం ఒంటికి తగిలితేనే తాబేలు విటమిన్ డి3 తయారుచేసుకుంటుంది. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప గట్టిపడదు. మామూలు కిటికీ అద్దం వెలుతురును, వేడిని రానిస్తుంది, యూవీబీని మాత్రం దాదాపు మొత్తం ఆపేస్తుంది. అంటే ఆ తమ్ముడి తాబేలు రోజంతా వేడెక్కిందే గానీ దానికి ఎండ తగల్లేదు. తొట్టె మీద గాజుమూత వేసి పైన యూవీబీ ట్యూబు (ఆ కిరణాలిచ్చే ట్యూబులైటు) పెట్టినా ఇదే గతి, మధ్యలో వలమూత తప్ప ఇంకేమీ ఉండకూడదు. ట్యూబు వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి ఉంచేయకండి, వెలుతురు అలాగే ఉన్నా యూవీబీ తగ్గిపోతుంది, ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాలి. ఇంట్లో మామూలు ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

పిల్లల డిప్ప అంచులు గోరులా కొంచెం వంగుతాయి, దానికి టెన్షన్ వద్దు. నడుమ నొక్కితే లోపలికి పోతోందంటే మాత్రం డాక్టరుకు చూపించాల్సిందే. మన తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది కదా.

నేను చేసేది చెబుతా. పొద్దున ఏడు గంటలకు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, ఎక్కి కూర్చోవడానికి పాత ఇంటి పెంకు ఒకటి ఏటవాలుగా పెట్టి, టబ్బు సగం మీద తడిగుడ్డ కప్పుతా. ఇరవై నిమిషాలు. మే నెలలో ఎనిమిది దాటితే బయట పెట్టను. తాబేలుకు మనలా చెమట పట్టదు, వేడెక్కితే నీడలోకో చల్లటి నీళ్లలోకో పోవాలి, ఆ దారి లేకపోతే ఉడికిపోతుంది. మొదట్లో నేను సత్తు బేసిన్లో పెట్టి ఫోను మాట్లాడటానికి లోపలికి వెళ్లా. వచ్చేసరికి నోరు తెరుచుకొని, ముందు కాళ్లతో అంచును గీకుతోంది, గోళ్ల చప్పుడు మెట్ల దగ్గరికే వినబడింది. అప్పట్నుంచి అక్కడే కూర్చొని కాఫీ తాగుతా. కాకులూ ఊరుకోవు మరి.

తొట్టె అడుగున గులకరాళ్లు వద్దు. అందంగా ఉంటాయంటారు గానీ పిల్లలు మింగుతాయి. నాది ఖాళీ అడుగు, పైపుతో లాగేస్తే ఐదు నిమిషాల్లో శుభ్రం, ఆ నీళ్లు మల్లెచెట్టుకు.

అడవి పక్కన దొరికిన నక్షత్ర తాబేలును కూడా ఇలాగే పెంచవచ్చా అని ఒకరు అడిగారు. వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం, పైగా అది నేలమీద తిరిగేది, లోతు నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. అటవీ శాఖకు అప్పగించండి. నేను చెప్పేదంతా షాపుల్లో అమ్మే ఎర్రచెవి తాబేలు గురించే. అది అమెరికా జాతి కాబట్టి, విసుగొచ్చిందని కపిలతీర్థంలో వదిలి పుణ్యం అనుకోకండి, మన తాబేళ్ల తిండి, చోటు అది లాక్కుంటుంది.

అభ్యాసం: థర్మామీటరు కొని ఏడు రోజులు పొద్దున 6, మధ్యాహ్నం 12, 3, రాత్రి 9 గంటలకు తొట్టె నీళ్ల వేడి రాయండి. 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. మధ్యాహ్నం 3 గంటల లెక్క 30 దాటిన వాళ్లు మేత పాఠం కోసం ఆగొద్దు, తొట్టెను ఈరోజే కిటికీ దగ్గర్నుంచి జరపండి.