ఇంట్ల దర్రీల పని నడుపుడు ఎట్ల: లెక్కల సంగతి, రంగుల సంగతి, మనుషుల సంగతి

మాది వరంగల్ కొత్తవాడ. మేము నేసేది దర్రీలు, అంటే నేల మీద పరిచే మందపు నూలు తివాచీలు. ముందు గదిల రెండు మగ్గాలు, వెనుక గదిల మేము. మా మామ, మా ఆయన నేస్తరు, అత్తమ్మ కండెలు చుడ్తది, అంటే నేసెటందుకు నూలును చిన్న పుల్లలకు ఎక్కిస్తది, నూలు తెచ్చుడు, ఫోన్ల ఆర్డర్లు, ప్యాకింగ్, పైసల లెక్క నాది. పెండ్లయి వచ్చినప్పుడు నాకు నిలువు పోగులైన పడుగు ఏందో అడ్డం పోగులైన పేక ఏందో తెల్వదు, ఇప్పుడు పదకొండేండ్లయింది, ఈ పదకొండేండ్లల మా ఇంట్ల అయిన లొల్లులన్నీ కూసొని యాద్ చేస్కుంటే దాదాపు అన్నీ రెండే కారణాలకు అయినయి, ఒకటి లెక్కల పెట్టని పని, రెండోది ముందుగాల చెప్పని మాట. కొత్తగ ఇంటి పని చేతిలకు తీస్కునే పిల్లలు నన్ను అడుగుతుంటరు కాబట్టి నాకు తెలిసిన తీరు రాస్తున్న, దర్రీలే కాదు, ఇంటిల్లిపాది కలిసి చేసే ఏ పనికైనా చాలా వరకు ఇదే పనికొస్తది.

మొదలు రేటు కట్టుడు. ఇది సక్కగ లేకపోతే మిగిలినవి ఎంత బాగ చేసినా లాభం లేదు.

చాలామంది నూలు ఎంత, రంగు ఎంత, నేసినోళ్ల కూలి ఎంత అని మూడు కలిపి పైన ఇంత వేసి చెప్పేస్తరు, మేము కూడ అట్లనే చేసేటోళ్లం. ఒక కాగితం తీస్కొని నూలు చిలప, అంటే నూలు కట్ట, ఇంట్లకు వచ్చిన కాడి నుంచి దర్రీ కొరియర్‌కు పోయేదాక ఎన్ని చేతులు పడ్తయో వరుసగ రాయుర్రి. రంగు అద్దుడు, ఆరబెట్టుడు, కండెలు చుట్టుడు, పడుగు పోసుడు, ఆ పోగులను దువ్వెన లెక్కుండే అచ్చుల అతుకుడు, నేసుడు, కొసలకు ముడులు వేసుడు, పోగులు కత్తిరించి సాఫ్ చేసుడు, ఫోటో, ప్యాకింగ్. ఒక్కొక్కదాని పక్కన ఎవరు చేస్తున్నరు, ఎంత సేపు పడ్తున్నది అని రాయాలె. మా కాగితం రాసిన దినం నాకు సిగ్గనిపించింది, ఎందుకంటే పది పనులల్ల నాలుగు మా అత్తమ్మవి, ఆమె పేరు మీద మా లెక్కల ఒక్క రూపాయి లేదు. ఇంటి మనిషే కదా అనుకున్నం. ఇంటి మనిషే, గానీ ఆమెకు వారం రోజులు జ్వరమొచ్చి పడుకుంటే బయటి మనిషిని పిలిచి రోజుకు 300 ఇచ్చినం, అంటే ఆ పనికి రేటు ఉన్నది, ఇన్నేండ్లు మేమే ఇయ్యలేదు.

లెక్క ఎట్ల ఉంటదో ఊరికె ఒక ఉదాహరణ చూపిస్త, మీ నూలు రేటు మీ కూలి రేటు వేరే ఉంటయి. నాలుగు అడుగులు ఆరు అడుగుల దర్రీ, మూడు కిలోల నూలు, కిలో 250 అనుకుంటే 750. రంగుకు 150. కండెలకు ఒక దినం 300. పడుగు పోసుడు, అతుకుడుల దీని వంతు 200. నేసుడు రెండు దినాలు, దినానికి 600 చొప్పున 1200. ముడులు, సాఫ్ చేసుడు 150. ప్యాకింగ్ 60. మొత్తం 2810. దీని మీద కరెంటు, మగ్గం రిపేరు, అమ్ముడు పోకుండ మిగిలే వాటి కోసం కొంత కలపాలె, తర్వాతనే లాభం. 2500కు ఇస్తవా అని అడిగితే ఇప్పుడు నాకు కోపం రాదు, కాగితం ఉన్నది కాబట్టి లేదండి అని మెల్లగ చెప్పగలుగుతున్న. ఇదివరకు కోపం ఎందుకొచ్చేదంటే నా రేటు నాకే పక్కాగ తెల్వక.

ఇంకోటి, చదరపు అడుగుకు ఇంత అని ఎన్నడు చెప్పకుర్రి. సాదా పట్టీల దర్రీ, పేక పోగును అటు ఇటు పంపే నాడెతోని జరజరా పోతది. అదే ఇంటర్‌లాక్ డిజైన్ అయితే రంగు మారే ప్రతి చోట ఈ పేక పోగును ఆ పేక పోగుతోని కొక్కెం లెక్క కలుపుకుంట చేత్తోనే పోవాలె, దినమంత కూసున్నా జానెడు నడవదు కొన్నిసార్లు. రెండూ ఒకటే సైజు, రెండిటికి పడే కష్టం ఒకటి కాదు. డిజైన్ చూడకుండ రేటు చెప్పి ఇరుక్కుంటే మగ్గం మీద ఉన్న మనిషి మొఖం రోజూ చూడాల్సింది మీరే.

ఆర్డర్ తీస్కునేటప్పుడు ఒక మాట ముందే రాసి పంపాలె: పడుగు మగ్గం ఎక్కినంక వెడల్పు మారదు. కొనేటోళ్లకు ఇది తెల్వదు, తెల్వకపోవుడు వాళ్ల తప్పు కాదు. పేక రంగు మధ్యల మార్చొచ్చు, పొడుగు కొంచెం అటు ఇటు చెయ్యొచ్చు, వెడల్పు మాత్రం అచ్చుల పోగులెక్కి కూసున్నంక అయిపోయినట్టే. నేను వాట్సాప్‌ల మగ్గం మీద పడుగు ఫోటో తీసి పంపి, రేపు పొద్దుగాల నేసుడు మొదలుపెడ్తం, సైజు ఓకేనా అని అడుగుత, ఓకే అని వాళ్లు టైప్ చేసేదాక మామకు మొదలుపెట్టు అని చెప్ప. ఈ ఒక్క అలవాటుకు మా ఇంట్ల ఎన్ని గొడవలు ఆగినయో.

తారీఖు చెప్పేటప్పుడు క్యాలెండర్ ముందట పెట్టుకోవాలె. బతుకమ్మ తొమ్మిది రోజులు, దసరా, సంక్రాంతి, రెండేండ్లకోసారి మేడారం సమ్మక్క సారలమ్మ జాతర, ఆ టైంల ఈ దిక్కు పని నడవదు, నడవాలని కూడ నేను అనుకోను, ఏడాదంత మగ్గం కింది గుంటల కాళ్లు పెట్టి కూసునే మనిషి నాలుగు దినాలు జంపన్నవాగు దాక పోయి రావద్దా. గానీ హైదరాబాద్‌ల, బెంగళూరుల ఉన్న కస్టమర్‌కు అది తెల్వాలె కదా. పది దినాలల్ల అయితదనిపిస్తే పదహారు అని చెప్తున్న, పద్నాలుగుకు పంపితే వాళ్లు సంతోషపడ్తరు. పదే అని చెప్పి పన్నెండుకు పంపితే అదే దర్రీకి మాట పడాల్సి వస్తది.

ఇగ వానలు. జూలై నుంచి సెప్టెంబర్ దాక రంగు అద్దిన చిలపలు ఆరవు, గుంట మగ్గం ఉన్నోళ్లకు గుంటల తేమ. 2023 జూలైల వరంగల్‌ను ముంచిన వానలు మీకు యాదుంటయి, మా ఇంట్ల మోకాలు దాక రాలేదు గానీ నేల మీద పెట్టిన నూలు మూట కింది సగం తడిసి రంగులు ఒకదానికొకటి అంటుకున్నయి, ఆ నూలుతోని వచ్చిన నష్టం తీరెటందుకు నాలుగు నెలలు పట్టింది. అప్పటి నుంచి నూలు ఎన్నడు నేల మీద ఉండదు, గోడకు ఇనుప రేకు కొట్టి నడుము ఎత్తుల పెడ్తం. ముదురు రంగుల ఆర్డర్లు జూన్ లోపలే అద్దిపిస్తం, వానాకాలంల తెల్లవి, లేత రంగులవి నేస్తం. ఆ రాత్రి మా పక్కింటి పెద్దాయన లుంగీ ఎగ్గట్టుకొని వచ్చి మా మూటలు మా కంటే ముందు మంచం మీదకు ఎక్కించిండు, అప్పటికి వాళ్ల ఇంట్లకు కూడ నీళ్లు వస్తున్నయి. ఆయనకు ఏమిచ్చినా తీస్కోడు. దసరాకు ఒక దర్రీ నేసి వాళ్ల మనుమరాలి పేరు చెప్పి ఇచ్చినం, అట్లయితే తీస్కున్నడు.

రంగుల గురించి ఫిర్యాదులు ఎక్కువ వస్తయి, ఫోన్ల ఒక తీరు చూసిన అంటరు, చేతికి వచ్చింది ఇంకో తీరు ఉన్నదంటరు. ఫోటో ట్యూబ్‌లైట్ కింద తియ్యకుర్రి, పొద్దున ఎనిమిది తొమ్మిదింటికి వరండల నీడపట్టున, పక్కన తెల్ల కాగితం పెట్టి తియ్యుర్రి. ఆ కాగితం ఫోటోల తెల్లగ కనవడ్తేనే రంగు నిజం. ప్రతి అద్దకంల నుంచి జానెడు పోగు తీసి నోట్‌బుక్‌ల కట్టి తారీఖు రాయుర్రి, ఆర్నెల్లకు అదే మనిషి ఇంకోటి కావాలె అంటే ఆ పోగు పట్టుకొని రంగులాయన దగ్గరికి పోవచ్చు, అయినా అచ్చం అదే రాదు, కొంచెం తేడా ఉంటదని ముందే చెప్పాలె. పంపేముందు తడి తెల్ల గుడ్డతోని గట్టిగ రుద్ది చూడాలె, గుడ్డకు రంగు అంటితే అది ఇంటి నుంచి బయటికి పోవద్దు.

కొరియర్ సంగతి చిన్నదే గానీ పైసలు పోతయి. దర్రీ చుట్టచుట్టి పంపితే అందంగ ఉంటదని పంపేదాన్ని. కొరియర్ వాళ్లు బరువుతోపాటు సైజు కూడ చూస్తరు, చాలా మంది పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లల గుణించి 5000తోని భాగిస్తరు, అట్ల వచ్చిన కిలోలు అసలు బరువు కంటే ఎక్కువైతే వాటికే పైసలు తీస్కుంటరు. నాలుగడుగుల చుట్ట 122, 18, 18 అయితే దాదాపు 8 కిలోల లెక్క పడ్తది, లోపల ఉన్నది మూడు కిలోలే. అదే మడతపెట్టి 46, 41, 10 చేస్తే 4 కిలోల లోపల వస్తది. నూలు దర్రీకి మడతతోని ఏం కాదు, రెండు దినాలు పరిస్తే సాఫ్ అయితది.

బేరం ఆడేటోళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు, ఇది నేను చాలా లేటుగ నేర్చుకున్న. మిషన్‌ది సగానికే వస్తున్నది కదమ్మా అంటరు. నేను దర్రీని తిప్పి వెనుక చూపిస్త, రెండు దిక్కులా ఒకటే తీరు ఉంటది, ఇది బోర్లేసినా వెల్లకిలేసినా వాడుకోవచ్చు అని చెప్త. మామ నేసే ముప్పై సెకన్ల వీడియో పంపిస్త. అప్పుడు కూడ వద్దంటే సరే అంట, వాళ్ల పైసలు వాళ్లవి. మన వరంగల్ దర్రీలకు 2018ల జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అని చెప్పే సర్కారు గుర్తింపు, వచ్చింది, అది చెప్పుకోవాలె, గానీ ఆ గుర్తు మీ సరుకు మీద వేసుకోవాలంటే ఆథరైజ్డ్ యూజర్‌గ మీ పేరు కూడ నమోదు అయి ఉండాలె, చేనేత ఆఫీసుకు పోయి అడగుర్రి, సంఘంల ఉన్నోళ్లకు ఇంకా తేలిక.

నాకు ఇప్పటికీ మనసుల బాధ ఉన్న విషయం ఒకటే, అది ఎనుమాముల మార్కెట్‌ది. అంత పత్తి మన వరంగల్‌ల అమ్ముడు పోతది, బండ్ల మీద బండ్లు పోతుంటే చూస్తం, అదే నూలై మన చేతికొచ్చేసరికి రేటు ఎక్కడనో ఉంటది. దీనికి నా దగ్గర ఉపాయం లేదు. పత్తి రేటు పెరిగిందని వినగానే రెండు నెలలకు సరిపడ నూలు తెచ్చిపెట్టుకునుడు ఒక్కటే చేస్తున్న.

పైసలు ఆపేటోళ్ల గురించి మాత్రం వివరంగ చెప్పాలె. ఒక పెద్ద పట్నంల షాపు మా దగ్గర 22 దర్రీలు తీస్కొని ఏడు నెలలు తిప్పింది, నేను ఫోన్ చేస్తే ఎత్తరు, మా ఆయన నన్ను అంటడు, నేను ఆయనను అంట, తిన్న అన్నం ఒంటికి పట్టలేదు ఆ రోజులల్ల. అప్పుడు తెలిసింది, 2006 ఎంఎస్ఎంఈ చట్టంల చిన్న తయారీదారులకు రక్షణ ఉన్నదని. రాతపూర్వకంగ ఏమీ లేకపోతే సరుకు తీస్కున్న 15 దినాలల్ల, రాస్కుంటే రాస్కున్న గడువుల, ఆ గడువు కూడ 45 దినాలు దాటకుండ, కొన్నోళ్లు కట్టాలె. దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీ. ఇది వాడుకోవాలంటే సరుకు పంపకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు సర్కారు ఇచ్చే నమోదు, చేసుకొని ఉంచుకునుడు మంచిది, ఆధార్, పాన్‌తోని ఆన్‌లైన్‌ల అయితది, ఫీజు ఒక్క రూపాయి లేదు, ఎవరన్న పైసలు అడిగితే ఇయ్యకుర్రి. ఆ నంబర్ బిల్లు మీద అచ్చేయించుర్రి. ఆర్డర్, సరుకు ముట్టిందన్న మెసేజ్, కొరియర్ రసీదు మూడు దాచిపెట్టుర్రి. ఇవి ఉంటే ఇసుంటి బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌ల ఫిర్యాదు పెట్టుకోవచ్చు. మేము అంత దాక పోలేదు, చట్టం సంగతి మర్యాదగ రాసి మెయిల్ పెడితే తొమ్మిది దినాలకు పైసలు వచ్చినయి. ఇప్పుడు కొత్త షాపు అయితే సగం అడ్వాన్స్ రాంది నూలు కొన.

ఆ ఏడు నెలలు మాకు నూలు ఉద్దెర ఇచ్చిన దుకాణపాయన, అద్దకం పైసలు నేను అడిగేదాక అడగని రంగులాయన, వీళ్లు లేకపోతే మగ్గం ఆగిపోయేది. అందుకే మా ఇంట్ల శనివారం లెక్క పెట్టినం, మీరు కూడ పెట్టుకోమనే చెప్త. శనివారం సాయంత్రం ఆరింటికి మగ్గం బంద్. నోట్‌బుక్ తీసి వారంల ఎవరి చేయి పడ్డదో వాళ్ల పేరు, పని, పైసలు రాసి అదే పూట ఇచ్చుడు, రేపు ఇస్తం అనే మాట లేదు. ఇంటోళ్లకు కూడ చేతికే ఇయ్యాలె, డబ్బాల వేసి అందరిదీ అంటే ఎవరిదీ కాదు. ఆ తర్వాత అన్నం తినేటప్పుడు ఆర్డర్ల ముచ్చట తీయొద్దు, ఇది మామ పెట్టిన షరతు, మంచి షరతు. కస్టమర్లు ఇంట్ల పరుచుకొని ఫోటోలు పంపితే అవి నా ఫోన్ల పెట్టుకోకుండ అప్పుడే మామకు చూపిస్త, ఎందుకంటే నేసింది ఆయన, మెచ్చుకునే మాటలన్నీ నాకే వస్తయి. ఒకామె వాళ్ల చిన్న బాబు మా దర్రీ మీద బోర్ల పడ్డ ఫోటో పంపింది, మామ అద్దాలు తుడుచుకొని రెండుసార్లు చూసిండు.

మొదటి శనివారం అత్తమ్మ చేతిల 1200 పెడితే ఇదేందే, నాకెందుకు అని వెనక్కి ఇయ్యబోయింది. కండెల పైసలు అత్తమ్మా, మీవే అన్న. కొంగుకు ముడేసుకొని లోపలికి పోయింది, ఆ రాత్రి ఏం మాట్లాడలేదు, తెల్లారి తొందరగ లేచి చుట్టుడు మొదలుపెట్టింది.

పోయిన నెల ఆమెకు మోకాళ్ల నొప్పి ఎక్కువైతే ఎదురింటి పిల్ల కాలేజీకి పోయి వచ్చినంక రెండు దినాలు కూసొని చుట్టింది. శనివారం నేను నోట్‌బుక్ తీసి పేర్లు చదువుతున్న. అత్తమ్మ మంచం మీద నుంచే ఆపింది. "ఆ పిల్ల పేరేది బిడ్డా? రెండు దినాలది ఆరు వందలు రాయి. నా దాంట్ల కెల్లి కాదు, వేరేగ రాయి." రాసిన. చీకటి పడకముందే పోయి ఇచ్చి వచ్చిన.