ఆటగాళ్ల ఇంటర్నెట్ – మూడో పాఠం: అప్‌లోడ్ దగ్గర పేరుకునే క్యూ

మొదటి పాఠంలో పింగ్ అంటే ఏమిటో, కమాండ్ ప్రాంప్ట్‌లో దాన్ని ఎలా చూడాలో నేర్చుకున్నాం. రెండో పాఠంలో వైఫై మానేసి కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య కేబుల్ వేసుకున్నాం. ఆ రెండూ పూర్తి చేసినవాళ్లకి ఇప్పుడు రౌటర్ దాకా పింగ్ 1 మిల్లీసెకను దగ్గరే ఉండాలి. లేకపోతే ముందు ఆ పని చూసుకుని రండి. ఈ పాఠంలో చేసే పరీక్షని వైఫై మీద చేస్తే గాలిలో జరిగే ఆలస్యమూ లైనులో జరిగే ఆలస్యమూ కలిసిపోయి ఏదీ తేలదు.

ఇవాళ్టి సంగతి నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపిస్తుంది. శ్రీకాకుళం టౌనులో గానీ, ఆమదాలవలస, నరసన్నపేట లాంటి చోట్ల గానీ ఆడే కుర్రాళ్లు దీని గురించి తెలియకే డబ్బు పోగొట్టుకుంటున్నారు. పగలు ఆట బాగానే నడుస్తుంది. రాత్రి ఇంట్లో అందరూ చేరాక ఆగి ఆగి నడుస్తుంది. కేబుల్ ఆయనకి ఫోన్ చేస్తే “స్పీడు ఫుల్లుగానే వస్తంది కదా తమ్ముడూ, ఇంకేటి ప్రాబ్లమ్?” అంటాడు. టెస్ట్ పెట్టి చూస్తే స్పీడు నిజంగానే ఫుల్లుగా ఉంటుంది. దాంతో 40 ఎంబీపీఎస్ ప్లాను కాస్తా 100 అవుతుంది, నెలవారీ బిల్లు పెరుగుతుంది, ల్యాగ్ మాత్రం పూర్తిగా పోదు.

స్పీడు అంటే సెకనుకి ఎంత సరుకు వెళ్తుంది అని. పింగ్ అంటే ఒక ప్యాకెట్, అంటే డేటాలో ఒక చిన్న ముక్క, వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుంది అని. షూటింగ్ ఆట పంపేవన్నీ చిన్న చిన్న ప్యాకెట్లే. మీరు ఎటు కదిలారు, ఎక్కడ కాల్చారు అన్న సమాచారం. అదంతా కలిపినా మామూలుగా 1 ఎంబీపీఎస్ దాటదు. అంటే 40 ఎంబీపీఎస్ లైనులో ఆటకి కావలసినంత చోటు ఎప్పుడూ ఉంది. కావలసింది చోటు కాదు, ఎక్కడా ఆగకుండా వెళ్లడం.

ఎంత తక్కువ పింగ్ ఆశించవచ్చో ముందు లెక్క వేసుకుందాం. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. వాలరెంట్ లాంటి ఆటకి సర్వర్ ముంబైలో ఉంది. శ్రీకాకుళం నుంచి ముంబైకి సరళరేఖలో 1,150 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. పోయి రావడానికి 12 మిల్లీసెకన్లు. ఇంతకన్నా తక్కువ ఎవరూ ఇవ్వలేరు. కేబుల్ సరళరేఖలో పోదు, ఊళ్లు చుట్టి పోతుంది, మధ్యలో రౌటర్లు ఉంటాయి. కాబట్టి 40 దగ్గర నిలకడగా వస్తే అది మంచి లైనే. దాన్ని 20 చేయాలని ఆరాటపడొద్దు. 40 ఉన్నది ఉన్నట్టుండి 400 కావడమే మన శత్రువు.

ఆ 400 ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంటి లోపల కేబుల్ 1,000 ఎంబీపీఎస్ మోయగలదు. ఇంటి బయటికి వెళ్లే దారి మాత్రం మీ ప్లాను ఎంతయితే అంతే. అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకోండి. లోపలి నుంచి వేగంగా వచ్చిన ప్యాకెట్లు ఈ సన్నటి దారి ముందు ఆగాలి. ఆగడానికి రౌటర్‌లోనూ, ఫైబర్ వైరు వచ్చి కలిసే పెట్టెలోనూ కొంత మెమరీ ఉంటుంది. దాన్ని బఫర్ అంటారు. మెమరీ చవకైపోయాక తయారీదారులు ఈ బఫర్లని బాగా పెద్దవి చేసేశారు. ఒక్క ప్యాకెట్టూ పోకూడదన్నది వాళ్ల ఉద్దేశం. కానీ ఫైళ్లు పంపే పద్ధతి వేరేగా ఉంది. పంపే ఫోను, ఎక్కడో ఒక ప్యాకెట్ పోయేదాకా వేగం పెంచుకుంటూనే పోతుంది. ప్యాకెట్ పోతేనే “ఓహో, దారి నిండింది” అని దానికి తెలుస్తుంది. పెద్ద బఫర్ ఆ కబురు అందకుండా చేస్తుంది. కనుక బఫర్ నిండేదాకా నింపుతూనే ఉంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. బఫర్ 1 ఎంబీ, అంటే 8 మెగాబిట్లు. దారి సెకనుకి 10 మెగాబిట్లు. బఫర్ నిండితే, దాని చివరికి చేరిన ప్యాకెట్ బయటపడటానికి 0.8 సెకను పడుతుంది. 800 మిల్లీసెకన్లు! మీ ఆట ప్యాకెట్ ఎంత చిన్నదైనా ఆ క్యూలో చివరే నిలబడాలి. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ అయితే ఇదే బఫర్ 80 మిల్లీసెకన్లు ఆపుతుంది. ప్లాను పెంచితే కొంత తేడా కనిపించడానికీ, పూర్తిగా బాగవకపోవడానికీ కారణం ఇదే.

రథసప్తమి నాడు అరసవల్లి వెళ్లినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. గర్భగుడి ముందు నిమిషానికి ఇంతమందే దాటగలరు. క్యూలైన్లు ఎన్ని మెలికలు తిప్పినా, షెడ్లు ఎంత దూరం పొడిగించినా ఆ లెక్క పెరగదు. ఎక్కువమంది లోపల నిలబడటానికి చోటు దొరుకుతుంది, చివర ఉన్నవాళ్లు మరింత సేపు ఆగుతారు, అంతే.

2010లో జిమ్ గెట్టీస్ అనే అమెరికా ఇంజినీరు తన ఇంట్లోనే ఈ ఇబ్బందిని గమనించి, కొలిచి, కారణం ఇదీ అని బయటపెట్టాడు. దీనికి బఫర్‌బ్లోట్ అన్న పేరు అలా స్థిరపడింది. పేరు గుర్తుపెట్టుకోండి, రౌటర్ సెట్టింగుల గురించి వెతికేటప్పుడు పనికొస్తుంది.

మన ఇళ్లలో ఈ క్యూని నింపేది ఎక్కువగా ఎవరి తప్పూ కాని పనే. పెళ్లి నుంచి ఇంటికొచ్చిన అక్క ఫోను వైఫై తగలగానే వీడియోలు బ్యాకప్ మొదలుపెడుతుంది. ఈ రోజుల్లో ఫోనులో తీసిన వీడియో నిమిషానికి 100 ఎంబీ దాటడం మామూలే. అయిదు నిమిషాల వీడియో అంటే 500 ఎంబీ, అంటే 4,000 మెగాబిట్లు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో దాదాపు ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ మీ ఆట ఆగి ఆగి నడుస్తుంది. అక్కకి తను ఏదో చేస్తున్నట్టు కూడా తెలియదు. అందుకే ఇంట్లోవాళ్ల మీద కేకలు వేయకముందే ఈ పాఠం చదవమంటున్నాను.

పరీక్ష

కంప్యూటర్ కేబుల్ మీదే ఉండాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌లు రెండు తెరవండి. ఒకదానిలో పింగ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, మీ రౌటర్ అంకె ఇచ్చి, మళ్లీ ఖాళీ వదిలి హైఫన్, దాని పక్కనే చిన్న టి అక్షరం పెట్టండి. రౌటర్ అంకె చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. రెండోదానిలో అదే పద్ధతిలో 8.8.8.8 ఇవ్వండి, అది ఇంటి బయట ఉండే గూగుల్ సర్వర్ అంకె. రెండూ ఆగకుండా నడుస్తుంటాయి.

ముందు ఎవరూ నెట్ వాడనప్పుడు ఒక నిమిషం వదిలేసి రెండు అంకెలూ రాసుకోండి. తర్వాత ఇంకో ఫోను నుంచి పెద్ద వీడియో ఒకటి అప్‌లోడ్‌కి పెట్టి మళ్లీ చూడండి. ఆఖరున అప్‌లోడ్ ఆపేసి ఏదైనా పెద్ద డౌన్‌లోడ్ పెట్టి చూడండి. కంట్రోల్, సి కలిపి నొక్కితే పింగ్ ఆగి కనిష్ఠం, గరిష్ఠం, సగటు చూపిస్తుంది. సగటు ఒక్కటే నమ్మొద్దు. ఆటలో మిమ్మల్ని చంపేది గరిష్ఠమే.

రౌటర్ పింగ్ కదలకుండా ఉండి 8.8.8.8 ది మాత్రం అప్‌లోడ్ సమయంలో ఎగిరిపోతే, దొంగ దొరికినట్టే, అది ఇవాళ్టి క్యూ. పెరుగుదల 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. 100 దాటితే పోటీ ఆట ఆడలేరు. ఎవరూ నెట్ వాడకపోయినా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య 8.8.8.8 పింగ్ పెరుగుతోందంటే క్యూ మీ ఇంట్లో లేదు, ఆపరేటర్ దగ్గరో ఆ పైనో ఉంది. దానికి ఈ పాఠంలో మందు లేదు. రోజూ అదే సమయానికి కొలిచిన అంకెలు రాసి ఉంచండి.

మందు

పైసా ఖర్చు లేనివి ముందు. ఇంట్లో ఫోన్లన్నిటిలో ఫోటోల బ్యాకప్ తెరిచి, ఆడే సమయంలో ఆపి, పడుకునే ముందు ఆన్ చేయమనండి. విండోస్‌లో అప్‌డేట్ సెట్టింగుల లోపల డెలివరీ ఆప్టిమైజేషన్ అని ఒకటి ఉంటుంది. అది మీ కంప్యూటర్‌లోకి దిగిన అప్‌డేట్లని ఇతరుల కంప్యూటర్లకి కూడా పంపగలదు. దాన్ని ఆఫ్ చేయండి. స్టీమ్‌లో డౌన్‌లోడ్ వేగానికి హద్దు పెట్టుకోవచ్చు. చాలా ఇళ్లలో వీటితోనే సగం బాధ పోతుంది.

అసలు మందు రౌటర్‌లో ఉంది. కొన్ని రౌటర్లలో దాని పేరు ఎస్‌క్యూఎం, కొన్నిట్లో క్యూఓఎస్ లేదా బ్యాండ్‌విడ్త్ కంట్రోల్. ఎస్‌క్యూఎం ఉంటే అదే ఎంచుకోండి. అది చేసే పనులు రెండు. మొదటిది, అందరినీ ఒకే లైనులో నిలబెట్టకుండా ఒక్కో సంభాషణకి ఒక్కో లైను పెట్టి, వంతులవారీగా ఒక్కో లైను నుంచి కొంచెం కొంచెం వదులుతుంది. మీ ఆట లైనులో ఒక్క ప్యాకెట్టే ఉంటుంది కాబట్టి దాని వంతు వెంటనే వస్తుంది. రెండోది, ఏ లైనులోనైనా ప్యాకెట్లు మరీ ఎక్కువసేపు నిలిచిపోతుంటే ఒకటి కావాలనే పారేస్తుంది. దాంతో పంపే ఫోనుకి దారి నిండిందని తెలిసి వేగం తగ్గించుకుంటుంది. ఈ రెండో ఉపాయాన్ని 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ ప్రకటించారు, పేరు కోడెల్. అది 5 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని లక్ష్యంగా పెట్టుకుని పనిచేస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించగల రౌటర్ ఉంటే అందులో కేక్ అన్న పేరుతో ఇంకా మెరుగైనది దొరుకుతుంది.

ఇక్కడ ఒక అంకె పెట్టాలి. రాత్రి వేళ స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చినదానిలో 90 శాతం ఇవ్వండి. అప్‌లోడ్ 20 వస్తే 18, డౌన్‌లోడ్ 40 వస్తే 36. చేతులారా స్పీడు తగ్గించుకోవడం ఏమిటని చాలామంది ఈ అడుగు దగ్గరే ఆగిపోతారు. దయచేసి ఆగకండి. రౌటర్ 20కి వదిలితే క్యూ ఆ తర్వాతి పెట్టెలో, మన చేతిలో లేని చోట పేరుకుంటుంది. 18కే వదిలితే ఆ పెట్టె ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, క్యూ అంతా తెలివైన రౌటర్ దగ్గరే ఉంటుంది. డౌన్‌లోడ్ సంగతీ అంతే. ఆ క్యూ ఆపరేటర్ వైపు పేరుకునేది, మనం కాస్త తక్కువ తీసుకుంటే అక్కడ పేరుకోదు. పరీక్ష మళ్లీ చేయండి. ఇంకా పెరుగుతుంటే 85 శాతానికి దించండి. అంతకన్నా దించాల్సి వస్తే కారణం వేరే ఉంటుంది.

ఈ పని చేయడానికి రౌటర్ ప్రాసెసర్‌కి శక్తి కావాలి. చవక రౌటర్‌లో 200, 300 ఎంబీపీఎస్ లైనుకి ఎస్‌క్యూఎం పెడితే స్పీడు సగానికి పడిపోవచ్చు. ఆటకి ఆ సగం చాలు, ఇంట్లో మిగతావాళ్లకి చాలుతుందో లేదో అడిగి చూసుకోండి.

ఆపరేటర్ ఇచ్చిన పెట్టెలోనే రౌటర్ కూడా ఉండి, ఈ సెట్టింగు ఏదీ లేకపోతే, మీ సొంత రౌటర్ ఒకటి దాని వెనక పెట్టుకోవాలి. అప్పుడు కేబుల్ ఆయన్ని అడగాల్సింది రెండే: “అన్నయ్యా, బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టండి, నా కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెప్పండి.” బ్రిడ్జ్ మోడ్ అంటే ఆ పెట్టె రౌటర్ పని మానేసి, లైనుని మీ రౌటర్‌కి అలాగే అందించడం. మర్యాదగా, సరిగ్గా ఈ మాటలతో అడిగితే చాలాసార్లు పని జరుగుతుంది. “నెట్ స్లో” అంటే మాత్రం స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్లిపోతారు, అందులో ఆయన తప్పు లేదు.

డీఎన్ఎస్ మార్చితే పింగ్ తగ్గుతుందని చెప్పేవాళ్లని నమ్మకండి. పేరుని అంకెగా మార్చడం వరకే డీఎన్ఎస్ పని. మ్యాచ్ మొదలయ్యాక ఆట ప్యాకెట్లు దాని దగ్గరికే వెళ్లవు. పింగ్ బూస్టర్ యాప్‌లు మీ ఇంటి ముందున్న క్యూని ఏమీ చేయలేవు, ఆ ప్యాకెట్లు కూడా అదే గుమ్మం దాటాలి.

ఇంటిపని: ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. నెట్ ఖాళీగా ఉన్నప్పుడు, అప్‌లోడ్ నడుస్తున్నప్పుడు, డౌన్‌లోడ్ నడుస్తున్నప్పుడు. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి నింపండి. సెట్టింగు మార్చాక అవే వేళలకి ఇంకో వరస రాయండి. పింగ్ ఫలితం కింద “లాస్ట్” అని వచ్చే అంకెని, అంటే దారిలో పోయిన ప్యాకెట్ల లెక్కని, కూడా పక్కన రాసి ఉంచండి.

నాలుగో పాఠం ఆ అంకె గురించే. మన వైపు ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీద వేలాడుతూ వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ స్తంభాలకి ఏమైందో ఉద్దానం వాళ్లందరికీ తెలుసు. తెగిన వైరుని ఎలా అతికారు, ఆ అతుకు దగ్గర వెలుగు ఎంత తగ్గింది, దాన్ని మీ పెట్టెలోనే ఎలా చదవాలి అన్నవి అక్కడ చూద్దాం.