జిల్లాల లెక్కలకు ఏ మ్యాప్ వేయాలి?

2011 జనాభా లెక్కల్లో అనంతపురం జిల్లా జనాభా 40.8 లక్షలు, హైదరాబాద్ జిల్లాది 39.4 లక్షలు. ఈ సంఖ్యలను బట్టి జిల్లాలకు రంగు నింపితే రెండింటికీ ఒకే రంగు పడుతుంది. కానీ అనంతపురం విస్తీర్ణం 19,130 చదరపు కిలోమీటర్లు, హైదరాబాద్‌ది 217. చూసేవాళ్లకు అనంతపురమే కనిపిస్తుంది, హైదరాబాద్ కంటికి ఆనదు. అందుకే చేతిలో ఉన్న అంకె మొత్తమా, నిష్పత్తా అన్నది ముందు తేల్చుకోవాలి.

జనసాంద్రత, అక్షరాస్యత శాతం లాంటి నిష్పత్తులకు రంగులు నింపే మ్యాప్ సరిపోతుంది. దీన్ని కోరోప్లెత్ అంటారు. మ్యాప్‌లు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో వేయొచ్చు.

మొదటి చిక్కు సరిహద్దులతో. 2011 లెక్కలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలవి. తెలంగాణ జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి; ఆంధ్రప్రదేశ్‌వి 2022లో 26 అయ్యాయి. కొత్త సరిహద్దుల ఫైలుకు పాత పట్టిక తగిలిస్తే కొత్త జిల్లా ములుగు ఖాళీగా వస్తుంది. అది నయం, తప్పని తెలుస్తుంది. ఆదిలాబాద్ మాత్రం పేరు కలిసింది కాబట్టి పాత పెద్ద జిల్లా అంకెను చిన్న జిల్లాకు తగిలించుకుని ఏమీ ఎరగనట్టు ఉంటుంది. కాబట్టి 2011 అంకెలకు 2011 సరిహద్దులే వాడండి.

పట్టికను లేయర్ ప్రాపర్టీస్‌లోని జాయిన్స్‌లో కలపాలి. పేర్లతో కలపకండి: ఒకచోట కడప, ఇంకోచోట వైఎస్సార్ అని ఉంటుంది. 2011 జనాభా లెక్కల్లో ప్రతి జిల్లాకు ఇచ్చిన సంఖ్యతో, అంటే సెన్సస్ కోడ్‌తో కలపండి. ఆదిలాబాద్ 532 నుంచి చిత్తూరు 554 వరకు వరుసగా ఉన్నాయి. అన్ని జిల్లాలకూ నల్ (అంటే ఖాళీ) వస్తే, ఒక ఫైల్లో కోడ్ టెక్స్ట్‌గా, రెండోదాంట్లో నంబర్‌గా ఉందేమో చూడండి. రెఫాక్టర్ ఫీల్డ్స్ అనే పనిముట్టుతో రెండింటినీ ఒకే రకానికి మార్చాలి.

తర్వాత సింబాలజీలో గ్రాడ్యుయేటెడ్ ఎంచుకోండి; అది అంకెలను తరగతులుగా విడగొట్టి ఒక్కో తరగతికి ఒక్కో రంగు ఇస్తుంది. ఎక్కువ మ్యాప్‌లు చెడేది తరగతుల విభజన దగ్గరే. హైదరాబాద్ సాంద్రత చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు, తర్వాతి రంగారెడ్డిది 707, అట్టడుగున ఆదిలాబాద్‌ది 170. అన్ని తరగతులకూ ఒకే వెడల్పు ఇచ్చే ఈక్వల్ ఇంటర్వల్‌తో ఐదు తరగతులు చేస్తే ఒక్కోటి దాదాపు 3,600 వెడల్పు అవుతుంది. హైదరాబాద్ తప్ప 22 జిల్లాలూ మొదటి తరగతిలోనే పడతాయి. ఒక్కో తరగతిలో దాదాపు సమాన సంఖ్యలో జిల్లాలు ఉంచే క్వాంటైల్ పెడితే 500 దాటిన కృష్ణా, హైదరాబాద్ ఒకే రంగులోకి వస్తాయి. ఇక్కడ చేత్తో 200, 300, 400, 800 దగ్గర గీతలు గీసుకోవడమే మేలు.

రంగు లేత నుంచి ముదురుకు ఒకే వరుసలో వెళ్లాలి. లింగ నిష్పత్తికి (వెయ్యి మంది పురుషులకు ఎందరు స్త్రీలు) మాత్రం 1,000ని మధ్యలో పెట్టి అటూ ఇటూ వేర్వేరు రంగులు ఇవ్వండి; నిజామాబాద్ 1,040 ఒకవైపు స్పష్టంగా తేలుతుంది. ఎరుపు–ఆకుపచ్చ జత వద్దు, ఆ తేడా పట్టలేని కళ్లు చాలానే ఉన్నాయి. లెక్క దొరకని జిల్లాకు తెలుపు కాదు, బూడిద రంగు.

జనాభా, పాఠశాలల సంఖ్య లాంటి మొత్తాలకు వృత్తాలు వేయండి. అంకెకు తగ్గట్టు పెరగాల్సింది వృత్త వైశాల్యం. నాలుగు రెట్ల జనాభాకు వ్యాసం రెండు రెట్లే. వ్యాసాన్నే నాలుగు రెట్లు చేస్తే వృత్తం పదహారు రెట్లవుతుంది. సైజ్ అసిస్టెంట్‌లో సర్ఫేస్ ఎంచుకుంటే ఈ లెక్క అదే చూసుకుంటుంది. హైదరాబాద్‌ను చుట్టుకుని ఉన్న పాత రంగారెడ్డి లాంటి జిల్లాకు సెంట్రాయిడ్ (ఆకారపు కేంద్రబిందువు) పక్క జిల్లాలో పడొచ్చు. బిందువును జిల్లా లోపలే పెట్టే పాయింట్ ఆన్ సర్ఫేస్ వాడండి.

చుక్కల మ్యాప్‌లో ఒక చుక్క 10,000 మంది అనుకుంటే ఉమ్మడి రాష్ట్రానికి సుమారు 8,450 చుక్కలు. సాఫ్ట్‌వేర్ వాటిని జిల్లా అంతటా తోచినట్టు చల్లుతుంది. నల్లమల అడవిలోనూ ఊళ్లున్నట్టు కనిపిస్తుంది. మండలాల స్థాయిలో చల్లితే ఈ తప్పు చాలావరకు తగ్గుతుంది.

వర్షపాతానికి జిల్లా సరిహద్దు తెలియదు కాబట్టి వర్షమాపక కేంద్రాల అంకెల నుంచి సమవర్షపాత రేఖలు (ఒకే వర్షపాతం ఉన్న చోట్లను కలిపే గీతలు) గీయాలి.

ఏ జిల్లా ముందుంది, ఎంత తేడా అన్నదే ప్రశ్న అయితే మ్యాప్ అక్కర్లేదు. పెద్ద నుంచి చిన్నకు పేర్చిన బార్ చార్ట్ చాలు, బార్లు సున్నా నుంచే మొదలవ్వాలి. సాంద్రత లాంటి వాటిలో హైదరాబాద్ మిగతా బార్లను గీతల్లా నలిపేస్తుంది. అప్పుడు బార్లు మానేసి, లాగరిథమిక్ స్కేలు (10, 100, 1,000 లాంటి పది రెట్ల మెట్లు సమాన దూరంలో ఉండేది) మీద జిల్లాకో చుక్క పెట్టి, ఆ స్కేలు సంగతి అక్షం పక్కనే రాయండి.