పిల్లల రక్త రిపోర్టు చదవడం – పాఠం 4: టీసీ నార్మల్, పిల్లాడు కాదు

పోయినసారి హిమోగ్లోబిన్ దగ్గర ఆగాం. ఈసారి పాఠం కోసం నేను తయారుచేసిన రిపోర్టు ఒకటి చూద్దాం. మూడేళ్ల బాబు. జ్వరం 103. పొద్దుట్నుంచి పదిహేనుసార్లు రక్తం, జిగట పడుతున్న విరేచనాలు.

టీసీ, అంటే ఒక మైక్రోలీటరు రక్తంలో మొత్తం తెల్లకణాలు, 9,000. ఇక్కడే చాలామంది 'నార్మల్' అని కాగితం మడిచేస్తారు. మడవకండి, కింద డీసీ వరస ఉంది, అంటే ఆ తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో: న్యూట్రోఫిల్స్ 48, బ్యాండ్ కణాలు 30, లింఫోసైట్లు 18, మోనోసైట్లు 4.

మూడేళ్ల వయసులో మామూలుగా లింఫోసైట్లదే పైచేయి. ఇక్కడ తలకిందులైంది. పైగా ఆ 30 చూడండి. బ్యాండ్ కణమంటే ఇంకా ఎదగని న్యూట్రోఫిల్. ఎదిగినదానికి కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా ఉంటుంది, దీనిది గుర్రపు లాడంలా వంగి ఉంటుంది. బ్యాండ్లు పది శాతం దాటితేనే ఆలోచించాలి. 9,000లో 30 శాతం, అంటే 2,700 పచ్చికాయలను ఎముక మజ్జ కోసి పంపేసింది. పంపినవి పంపినట్టే పేగులోకి పోతున్నాయి, అందుకే టీసీ పెరగలేదు.

ఇలాంటి రిపోర్టు చూడగానే అనుమానించాల్సింది షిగెల్లాను. 1897లో జపాన్‌లో కియోషి షిగా పట్టుకున్న క్రిమి. వంద లోపు క్రిములు నోట్లోకి వెళ్లినా చాలు. పెద్దపేగు గోడలో దూరి, తనను మింగిన మాక్రోఫేజ్‌నే (క్రిములను మింగే రక్షణ కణాన్నే) చంపుతుంది. చస్తూ ఆ కణం ఐఎల్-1 వదులుతుంది, పేగు గోడ కణాలు ఐఎల్-8 వదులుతాయి; రెండూ సాయం కోసం పిలిచే రసాయనాలు. ఆ పిలుపుకి న్యూట్రోఫిల్స్ గుంపుగా వచ్చి, గోడ కణాల మధ్య సందులు చేసుకుని దూరతాయి. ఆ సందుల్లోంచే మరిన్ని క్రిములు లోపలికి! చివరికి క్రిమిని చంపేదీ అవే అనుకోండి. మలపరీక్షలో కనిపించే పస్ సెల్స్ (చీము కణాలు) ఇవే. కలరాలో నీళ్లలా పోయినా ఇన్ని పస్ సెల్స్ కనిపించవు, అక్కడ గోడ చెక్కుచెదరదు.

కొందరిలో దీనికి ఎదురు జరుగుతుంది. ఢాకాలో షిగెల్లా డిసెంటీరియే టైప్ 1 అనే రకం సోకిన పిల్లల్లో టీసీ 50,000 దాటి, లుకేమియా (రక్త క్యాన్సర్) అని భ్రమపడేలా ఉన్న కేసులున్నాయి. అప్పుడు కన్ను ప్లేట్‌లెట్ల మీద పెట్టాలి. ఈ రకం వదిలే విషం, షిగా టాక్సిన్, కిడ్నీల్లోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తే ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ రెండూ పడిపోతాయి. అదీ విరేచనాలు తగ్గుముఖం పట్టాక, 'హమ్మయ్య' అనుకునే సమయంలో.

అభ్యాసం: ఏడో రోజు, టీసీ 52,000, న్యూట్రోఫిల్స్ 60, బ్యాండ్లు 22. ప్లేట్‌లెట్లు 60,000. హిమోగ్లోబిన్ 10 నుంచి 6.5కి దిగింది. బ్యాండ్లు మొత్తం ఎన్నో లెక్కకట్టండి. దానికంటే ముందు తల్లిని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "బాబు చివరిసారి మూత్రం ఎప్పుడు పోశాడమ్మా?"