రెండో చెయ్యి సంగతి

మన ఇళ్ళల్లో పిల్లల్ని అన్నానికి పిలిచేటప్పుడు ఏమంటాం? "చెయ్యి కడుక్కుని రారా." ఒక్క చెయ్యి. వాడు అలాగే కుడిచెయ్యి కుళాయి కింద పెట్టి, నాలుగు వేళ్ళు తడుపుకుని, నిక్కరుకి తుడుచుకుని వచ్చి పీట మీద కూర్చుంటాడు. తర్వాత అప్పడం అందుకునేది, మంచినీళ్ళ గ్లాసు ఎత్తేది ఆ ఎడమచేత్తోనే. ఇంకో తమాషా, తినేముందు ఉత్త నీళ్ళు, తిన్నాక మాత్రం చేపల పులుసు వాసన పోవాలని సబ్బుతో రెండుసార్లు. సబ్బు కావాల్సింది ముందండీ! కాబట్టి మొదట మార్చాల్సింది మన మాటే: "చేతులు, సబ్బుతో."

"క్రిములుంటాయి" అని భయపెడితే పిల్లలు నమ్మరు, కనపడవు కదా. మా ఇంట్లో పనిచేసింది ఇది. మావాడి అరచేతిలో నాలుగు చుక్కలు కొబ్బరినూనె, చిటికెడు పసుపు వేసి రెండు చేతులూ బాగా రుద్దుకోమన్నాను. ఉత్త నీళ్ళతో కడుక్కోమంటే పసుపు జిడ్డు అలాగే ఉండిపోయింది, నీళ్ళు పైనుంచి ముత్యాల్లా జారిపోతున్నాయి. అప్పుడు సబ్బు ఇచ్చాను. జిడ్డు వదిలింది గానీ గోళ్ళ మొదళ్ళలో, వేళ్ళ సందుల్లో, బొటనవేలి చుట్టూ పచ్చగా మిగిలింది. "ఇక్కడ ఎప్పుడూ కడగట్లేదన్నమాట" అని వాడే అన్నాడు. (చర్మానికి పట్టిన లేత రంగు ఓ పూట ఉంటుంది, దానికి కంగారుపడకండి.) చేతులకి ఉండే జిడ్డుతోపాటే క్రిములూ అంటుకుని ఉంటాయి, సబ్బు ఆ జిడ్డుని పట్టి నీళ్ళలోకి లాగేస్తుంది, సంగతి అంతే.

ఎంతసేపు అంటే 20 సెకన్లు. పిల్లలకి సెకన్లేం తెలుస్తాయి, రెండో ఎక్కం నిదానంగా చెప్పుకుంటూ రుద్దుకోమనండి, రెండు పదుల ఇరవై దాకా వచ్చాకే నీళ్ళు. ఎక్కమూ వస్తుంది.

సబ్బు పిల్లాడికి అందే ఎత్తులో లేకపోతే ఇవన్నీ దండగ. కొబ్బరిచిప్పకి అడుగున కన్నం పెట్టి కుళాయి పక్కన కట్టండి, నీళ్ళు నిలవవు, సబ్బు నానిపోదు. వేసవిలో కాలవలు కట్టేసి నీళ్ళకి ఇబ్బందైనప్పుడు ప్లాస్టిక్ సీసా మూతకి మూడు చిల్లులు పెట్టి బోర్లిస్తే కాసిని నీళ్ళతో పని అయిపోతుంది. బకెట్లో మాత్రం చేతులు ముంచనివ్వకండి. ముంచితే తర్వాతివాడు కడుక్కునేది ముందువాడి మురికితోనే. కడిగిన చేతుల్ని అందరూ తుడుచుకునే తువ్వాలుకి తుడిచినా అదే కథ.

ఇక పెద్దవాళ్ళు. "మేం కాలవనీళ్ళు తాగి పెరగలేదా" అంటారు మామ్మలు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టిన ఏడాదే, వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పురుళ్ళ వార్డులోకి వచ్చేముందు సున్నపు క్లోరిన్ నీళ్ళతో చేతులు కడుక్కోండని తోటి డాక్టర్లకి చెప్పాడు. బాలింతల చావులు బాగా తగ్గాయి, అయినా చాలామంది ఒప్పుకోలేదు. డాక్టర్లే వినలేదు, మామ్మ వింటుందా? ఆవిడకి మనవడి ఎక్కం అప్పజెప్పించుకునే పని ఇవ్వండి, కుళాయి దగ్గర ఆవిడే నిలబడుతుంది.

దొడ్డికెళ్ళొచ్చాక, తినేముందు, గేదెనో కుక్కనో ముట్టుకున్నాక, ఈ మూడూ తప్పనిసరి. పసిబిడ్డకి ముడ్డి కడిగిన అమ్మకీ అంతే. గోళ్ళు ఆదివారం ఆదివారం తీసేయండి. పెరట్లో, గట్ల మీద చెప్పుల్లేకుండా తిరిగితే పేగుల్లో చేరే కొంకిపురుగు (హుక్‌వార్మ్) పాదాల్లోంచే ఎక్కుతుంది. ఫిబ్రవరి, ఆగస్టుల్లో స్కూల్లో, అంగన్‌వాడీలో కడుపులో పురుగులు పోవడానికి ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ళ మానిపించకండి. వరద తగ్గిన రోజుల్లో నీళ్ళు తెర్లేదాకా మరిగించి చల్లార్చి మూత పెట్టండి, బిందెలో గ్లాసు ముంచకుండా కాడ ఉన్న గరిటె వాడండి.

ఇన్ని చేసినా ఒక్కోసారి విరేచనాలు పట్టుకుంటాయి. పోయినేడు మావాడికి పట్టుకుంటే నేను టెన్షన్‌లో ఓఆర్ఎస్ పొడి గ్లాసుకి చెంచా చొప్పున కలిపి పట్టించాను. అది తప్పు. పెద్ద ప్యాకెట్టయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, కొంచెం కొంచెం తాగిస్తూ ఉండాలి, 24 గంటలు దాటితే మిగిలింది పారబోయాలి. జింకు బిళ్ళలు ఇస్తే విరేచనాలు కట్టినా సరే 14 రోజులూ వేయాలి. కళ్ళు గుంటలు పడినా, ఉచ్చ పోయకపోయినా, విరేచనంలో రక్తం కనపడినా, మగతగా పడుకుండిపోయినా, ఇంట్లో ఆలోచిస్తూ కూర్చోకుండా ఆటో ఎక్కించేయండి.