రీఫ్ ట్యాంకులో పురుగూ పుట్రా: ఏది తీయాలి, ఏది ఉంచాలి

ఇంట్లో రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టిన మొదటి ఏడాది, ఒక రాత్రి టార్చి వేసి చూస్తే రాళ్ల సందుల్లో జెర్రుల్లాంటి పురుగులు పాకుతున్నాయి. భయపడిపోయి మర్నాడు రాళ్లన్నీ బయటికి తీసి, మంచినీళ్లలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది మళ్లీ సర్దాను. పురుగులు పోయాయి. వాటితోపాటు రాళ్లలో ఉండి నీటిని శుభ్రం చేసే బ్యాక్టీరియా కూడా పోయింది. అమ్మోనియా పెరిగి నాలుగు రోజుల్లో రెండు క్లౌన్‌ఫిష్‌లు చనిపోయాయి. ఆ పురుగుల వల్ల ట్యాంకుకు మేలే తప్ప కీడు లేదని తర్వాత తెలిసింది.

కాబట్టి కనిపించింది ఏమిటో తేలేదాకా ట్యాంకులో చెయ్యి పెట్టకండి. లైట్లు ఆరిన గంట తర్వాత టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూడండి. ఎర్ర వెలుతురుకు ఈ జీవుల్లో చాలావరకు బెదరవు. ఫొటో మాత్రం తెల్ల లైటు కింద తీయండి, నీలం లైటులో అన్నీ ఒకే రంగులో కనిపిస్తాయి.

నేనుండేది టెక్సాస్‌లో, ఇక్కడ పెంపకపు కోరల్స్ దుకాణాల్లో దొరుకుతాయి. ఇండియాలో రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, సముద్రం నుంచి తీసినవాటిని కొనడం, అమ్మడం నేరం. అయితే హైదరాబాద్‌లోనో వైజాగ్‌లోనో చేపల వరకే ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవారికి కూడా కింద రాసిన మొదటి రెండు సమస్యలు తప్పవు. అవి రాయితోపాటు వస్తాయి.

రాళ్ల మీద గోధుమరంగు గాజు పువ్వులు; తాకబోతే చటుక్కున లోపలికి ముడుచుకుంటాయి

ఇది ఎయిప్టేసియా, ఒక రకం సీ అనిమోన్, అంటే పువ్వులా కనిపించే సముద్ర జంతువు. సన్నటి కాడ, చుట్టూ మొనదేలిన పొడవాటి మీసాలు. పక్కనున్న కోరల్‌ను కుట్టి కుట్టి ముడుచుకుపోయేలా చేస్తుంది. రాయితోనో, కోరల్ ముక్క అతికించిన ప్లగ్గుతోనో (చిన్న బిళ్ల) వస్తుంది. మిగిలిపోయిన మేత తిని పెరుగుతుంది.

దీన్ని గోకడం, నలపడం, కత్తిరించడం అస్సలు చేయకండి. రక్తబీజుడి కథ గుర్తుంది కదా, నేల మీద పడిన ప్రతి నెత్తురు చుక్క నుంచీ ఇంకొక రాక్షసుడు పుట్టాడు. ఎయిప్టేసియా అచ్చం అంతే. దాని పాదం నుంచి ఊడిన చిన్న ముక్క చాలు, అది ఇంకో ఎయిప్టేసియా అవుతుంది. ఒకటి కనిపించిన రోజే పని మొదలుపెట్టడం మంచిది, పది అయ్యాక కష్టం.

నాలుగైదు ఉంటే కాల్క్‌వాసర్ పొడి, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్, తీసుకోండి. కొంచెం ఆర్వో నీటిలో పెరుగులా చిక్కగా కలిపి సిరంజిలోకి ఎక్కించండి. పంపులన్నీ ఆపండి. అది పూర్తిగా విప్పుకుని ఉన్నప్పుడు మెల్లగా దగ్గరికి వెళ్లి నోటి మీద వేసి, మొత్తం కప్పేయండి. పావుగంట ఆగి పంపులు వేయండి. ఒక్క రోజులో మూడు నాలుగుకు మించి చేస్తే నీటి పీహెచ్ ఎగబాకుతుంది, మిగతావి రేపటికి ఉంచండి. అది సున్నం, చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వారం తర్వాత అదే చోట మళ్లీ చూడండి, చాలాసార్లు రెండో విడత అవసరమవుతుంది.

రాయిని బయటికి తీసి ఉడకబెట్టేయొచ్చు కదా అని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రాళ్ల మీద పెరిగే జోయాంథిడ్, పాలిథోవా అనే పగడాల్లాంటి జీవుల్లో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి ఉన్న రాయిని ఉడకబెట్టినా, వేడినీళ్లతో కడిగినా ఆ విషం ఆవిరితో గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు, ట్యాంకు కోసం ఆ రిస్కు వద్దు.

ట్యాంకంతా పాకిపోతే సిరంజితో లాభం లేదు, దాన్ని తినే జీవిని తేవాలి. నా ఓటు బెర్గియాకు. ఇది చిన్న సముద్రపు నత్త జాతి జీవి, పైన గుల్ల ఉండదు, ఎయిప్టేసియా తప్ప ఇంకేదీ తినదు. ఫలితం కనిపించడానికి రెండు మూడు నెలలైనా పడుతుంది, మేత అయిపోతే అది బతకదు, అందుకే అయిపోవస్తుండగా ఇంకొకరి ట్యాంకుకు ఇచ్చేయండి. ట్యాంకులో రాస్ చేపలుంటే ముందే దాన్ని తినేస్తాయి. చవకగా అయిపోవాలంటే పెప్పర్‌మింట్ రొయ్యలు ఉన్నాయి, కాకపోతే కొన్ని తింటాయి, కొన్ని పట్టించుకోవు. కొనేటప్పుడు వీపు మీద మూపురం, ఒంటి మీద కొట్టొచ్చే తెల్లచారలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది క్యామెల్ రొయ్య, కోరల్స్‌నే కొరుకుతుంది.

మీసాలు పొట్టిగా, చివర్లు బుడిపెల్లా ఉంటే అది మజానో అనే ఇంకో రకం అనిమోన్. కాల్క్‌వాసర్ పనిచేస్తుంది, బెర్గియా మాత్రం దాన్ని ముట్టదు.

రాత్రిపూట ఇసుకలో, సందుల్లో వెంట్రుకల పురుగులు

ఇవి బ్రిసిల్‌వార్మ్‌లు. సన్నగా, లేత గులాబీ రంగులో ఉంటే వదిలేయండి. చేప ఎక్కడో సందులో చచ్చిపోతే ముందు శుభ్రం చేసేవి ఇవే. చచ్చిన దాని చుట్టూ మూగడం చూసి ఇవే చంపాయని అనుకుంటాం. మరీ ఎక్కువయ్యాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. మేత సగానికి తగ్గిస్తే కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి.

వేలంత లావుగా, రెండు పక్కలా గుత్తులు గుత్తులుగా తెల్లటి నూగుతో, ఎర్రటి మొప్పలతో ఉంటే అది ఫైర్‌వార్మ్, కోరల్స్‌ను తింటుంది. పొడవాటి పట్టకారుతో తీసేయండి. ఏ రకాన్నీ ఉత్త చేత్తో పట్టుకోవద్దు, గొంగళిపురుగు నూగులాగే చర్మంలో దిగుతుంది. దిగితే సెల్లోటేపు అంటించి లాగండి.

ఇసుక మీద, కోరల్స్ మీద తుప్పురంగు మచ్చలు, రోజురోజుకీ పెరుగుతున్నాయి

మచ్చ మెల్లగా జరుగుతుంటే ఎర్ర ఫ్లాట్‌వార్మ్, అంటే బల్లపరుపుగా ఉండే పురుగు. కోరల్‌ను తినదు కానీ దట్టంగా కప్పేసి వెలుతురు అందకుండా చేస్తుంది. లెవమిసోల్ ఉన్న మందు వేస్తే చస్తాయి, ప్రమాదం అక్కడే. చచ్చేటప్పుడు అవి వదిలే విషానికి చేపలు కూడా పోవచ్చు. అందుకే ముందు వారం పది రోజులు సన్నటి ట్యూబుతో వీలైనన్ని పీల్చేయండి. బాగా తగ్గాకే మందు. విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్, నీళ్లు మార్చడానికి కలిపిన ఉప్పునీరు ముందుగానే సిద్ధం చేసి పెట్టుకోండి.

అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే ఒక కోరల్) రంగు వెలిసిపోతోంది, మొదళ్లలో గుండ్రటి గాట్లు

ఇది అక్రోపోరాను తినే ఫ్లాట్‌వార్మ్ పని. దాని రంగు కోరల్ రంగులో కలిసిపోతుంది కాబట్టి కంటికి ఆనదు. టర్కీ బాస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న పొడవాటి గొట్టం) నీటిని గట్టిగా కొట్టి చూడండి, పొరల్లా ఊడి వస్తాయి. కోరల్ డిప్, అంటే కోరల్‌ను కాసేపు ముంచి తీసే మందు, పురుగును చంపుతుంది, గుడ్లను చంపదు. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. మొదళ్లలో కనిపించే గోధుమరంగు గుడ్ల గుంపులను బ్లేడుతో గీకి, వారానికోసారి చొప్పున కనీసం ఆరు వారాలు డిప్ చేయాలి. మధ్యలో ఒక్క వారం మానేసినా మళ్లీ మొదటికొస్తుంది. మాంటిపోరా అనే కోరల్ అడుగున బియ్యపుగింజంత తెల్లటి నూడిబ్రాంక్ (బెర్గియాలాగే గుల్ల లేని నత్త) కనిపించినా ఇదే పద్ధతి.

రాత్రి టక్ టక్ మని చప్పుడు, నత్తలు మాయం

చప్పుడు ఒక్కటే అయితే పిస్టల్ రొయ్య కావచ్చు, టెన్షన్ పడొద్దు. నత్తల గుల్లలు పగిలి కనిపిస్తుంటే మాంటిస్ రొయ్యను అనుమానించండి. అది ఉన్న రాయిని బకెట్‌లోకి తీసి, కన్నంలోకి సిరంజితో సోడా నీళ్లు కొడితే బయటికి వస్తుంది. చేత్తో పట్టుకోకండి, దాని దెబ్బకు వేలు చీలుతుంది. చంపనక్కర్లేదు, వేరే చిన్న ట్యాంకులో చక్కగా బతుకుతుంది.

ఇవి కాక ఇంకో రెండు. రాళ్లకు గట్టి గొట్టాల్లా అతుక్కుని, సాలెగూడులాంటి జిగురు దారాలు వదిలేవి వర్మెటిడ్ నత్తలు. గొట్టం విరిచి, మూతి మీద సూపర్ గ్లూ చుక్క వేయండి. ఆకుపచ్చ గాజు గోలీల్లాంటివి వలోనియా అనే నాచు, రాయిని బయటికి తీసి పగలకుండా ఒలిచేయండి.

వచ్చేదాకా ఆగకుండా

కొత్త కోరల్ ఇంటికి రాగానే ప్లగ్గు విరిచి పారేయండి, గుడ్లు ఎక్కువగా దాని కిందే ఉంటాయి. తెల్లటి గిన్నెలో, కొలత ప్రకారం డిప్ కలిపి, మందు సీసా మీద రాసినంతసేపు ఉంచి, మధ్యమధ్యలో అటూ ఇటూ ఆడించండి. తెల్ల గిన్నె ఎందుకంటే రాలిన పురుగులు అడుగున స్పష్టంగా కనిపిస్తాయి. తర్వాత శుభ్రమైన ఉప్పునీటిలో కడిగి, వీలైతే నాలుగు నుంచి ఆరు వారాలు వేరే ట్యాంకులో ఉంచండి. గిన్నెలో మిగిలిన నీళ్లు సింకులో పారబోయండి, ట్యాంకులో ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.